ఫస్ట్ ర్యాంకుకిచ్చిన వకాలతు

ప్రియమైన చెల్లాయికి,

క్షేమం. ఫోనులో నన్ను ఒక్క వాక్యమైనా పూర్తి చేయనివ్వవు కనుక ఇది రాస్తున్నాను. చివరిదాకా చదివిన తరువాతే కోప్పడు.

గురువారం సాయంత్రం వంటింటి బల్బు మాడిపోయింది. కొత్తది కొందామని స్కూటరు మీద బజారుకు బయలుదేరితే, కూడలి దగ్గర పోలీసులు ఆపి, ఒక గొట్టంలో ఊదమన్నారు. ఊదాను. ఎర్ర అంకెలు వెలిగాయి. ముప్ఫై ఐదేళ్ళు పాఠాలు చెప్పిన గొంతులోంచి వచ్చిన గాలిని ఆ యంత్రం మద్యమని తేల్చింది. దగ్గుమందు ప్రభావమై ఉండవచ్చు. తాగి బండి నడిపానని కేసు రాశారు. స్కూటరు స్టేషన్లో ఉంది. నేరం రుజువైతే ఆరు నెలలు లైసెన్సు పోతుందట.

కంగారు పడవద్దు. నీతో లా చదివిన ఫస్ట్ ర్యాంకు అమ్మాయి ఈ ఊళ్ళోనే ప్రాక్టీసు చేస్తోంది కదా, వకాలతు ఆమెకిచ్చాను. వాయిదా వచ్చే నెల ఇరవైన.

ఎప్పటిలాగే నీ మంచి కోరే,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు (ఈ 'ప్రియమైన' అలవాటు కొద్దీ రాసింది),

చివరిదాకా చదివాను, రెండుసార్లు. బల్బు దాకా బాగానే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా కోర్టుల్లో నిలబడుతున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా గది బయట బల్ల మీద కునికిపాట్లు పడుతూ నా కోసం కాచుకుంటారు. నా సొంత అన్నయ్య మీద కేసు పడితే, నాలుగు గంటల బస్సు దూరంలో నేనుండగా, వకాలతు దానికి వెళ్ళిందా? కాలేజీలో దానికీ నాకూ తేడా మూడే మార్కులు. ఆ మూడు మార్కులూ నువ్వింకా మరిచిపోలేదన్నమాట. సెలవులకు ఇంటికొస్తే, ఆ అమ్మాయి నోట్సు చూశావా, ఎంత పొందికగా రాస్తుందో అనేవాడివి. నేను కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని.

ఇలాంటి కేసులో ఏ వకీలైనా మొదట అడిగేది తాగారా అని. నేనైతే ఆ మాట అడగను కూడా. నీ సంగతి నాకు తెలియదా? యంత్రాన్ని పరీక్ష చేయించిన ధ్రువపత్రం సరిగా ఉందో లేదో చూడమను. వద్దులే, వకాలతు మార్చి నాకే పంపు.

కళ్ళలో నిప్పులు పోసుకుని కూర్చున్న,
నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరంలో కోపం ఎక్కువైనా వాక్యాలు చక్కగా ఉన్నాయి. సంతోషం.

వకాలతు మార్చడం కుదరదు. ఆమె పద్ధతి వేరు. మొదటిరోజే గుమస్తాను బయటికి పంపి, తలుపు వేసి, "మాస్టారూ, నాకు కథలొద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి" అంది. గంటసేపు చెప్పాను. ఒక్కసారైనా అడ్డు రాలేదు. నీకు ఆ ఓర్పు తక్కువ. యంత్రం ధ్రువపత్రం గడువు రెండు నెలల కిందటే ముగిసిందని నిన్న కనిపెట్టింది. కేసు నిలవదంటోంది. ఆమె రాసిన పిటిషనులో మాత్రం తొమ్మిది తప్పులుంటే దిద్ది ఇచ్చాను. ఏమీ అనుకోలేదు.

నువ్వు అంత దూరం నుంచి రానక్కర లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త అంటూ,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

గంటసేపా? నాతో నువ్వు గంటసేపు మాట్లాడింది ఎప్పుడా అని తెగ ఆలోచించాను. వదిన పోయినప్పుడు కూడా పది నిమిషాలకే, పడుకో అమ్మా అని నన్ను పంపేశావు.

సరే, దాన్నే ఉంచుకో. కానీ ధ్రువపత్రం గడువు పట్టుకుని తాగినవాళ్ళూ గెలుస్తారు. నువ్వు తల ఎత్తుకుని బయటికి రావాలి. అందుకని సాక్షిగా నేను బోనెక్కుతాను. నా ప్రమాణపత్రం జత చేశాను, దిద్ది పంపితే సంతకం పెడతాను. 'మా నాన్న రోజూ తాగి వచ్చేవారు. ఆయన చెప్పులు విప్పే పని నాది, మోసుకెళ్ళి పడుకోబెట్టే పని మా అన్నయ్యది. మా అన్నయ్య జన్మలో చుక్క ముట్టలేదు.' ఇంత మాట అది రాయగలదా? మన ఇల్లు దానికేం తెలుసు?

పంతొమ్మిదో తేదీ బస్సుకు టిక్కెట్టు తీసుకున్నాను.

దానికంటే ముందు నుంచీ నీ మనిషినైన,
చెల్లెలు

*

ప్రియమైన చెల్లాయికి,

టిక్కెట్టు రద్దు చేసుకో. వాయిదా ముందుకు జరిపించి, ఈ ఉదయం నేరం ఒప్పుకున్నాను. లైసెన్సు అప్పగించి, ఇంటికి నడిచి వచ్చాను.

నీ ప్రమాణపత్రాన్ని ఎర్ర సిరా కలం పట్టుకుని చదివాను. ఎక్కడా కలం పెట్టవలసిన పని లేదు. కాని చివరి వాక్యం అబద్ధం. అది అబద్ధమని నీకు తెలియదు.

మీ వదిన చనిపోయిన ఏడాది నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, తాగుతున్నాను. సాయంత్రం ఆరింటికి, వంటింట్లో, స్టీలు గ్లాసుతో. నువ్వు వస్తున్నావంటే సీసాలు మేడ మీది నీళ్ళ ట్యాంకు వెనక్కి చేరేవి, లవంగాలు నా జేబులోకి. ఆ గురువారం రెండు గ్లాసులు అయిన తరువాతే బల్బు మాడింది. నీకు దగ్గుమందని రాశాను. అదీ అబద్ధమే.

ఎంత తాగారని ఆమె మొదటి నిమిషంలోనే అడిగింది. నువ్వు అడగవు. అందుకే నీ దగ్గరికి రాలేకపోయాను. మార్కుల సంగతి నాకు గుర్తు కూడా లేదు. ఆమె ముందు నేనొక కక్షిదారుణ్ణి. నీ ముందు, నాన్నను మోసిన అన్నయ్యను.

గెలిచేవాళ్ళమే. ఆమె ఎంతో నచ్చజెప్పి చూసింది. కాని గెలిస్తే నీకు ఏనాటికీ ఏమీ చెప్పనక్కర లేకపోయేది. అదే నన్ను భయపెట్టింది.

ఇక ఏమనుకున్నా నీ ఇష్టమంటూ,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. తాగుతున్నానని రాసిన చోట ఏడవాలి, ఏడ్చాను. కానీ అక్కడితో ఆగలేదు. నాలుగేళ్ళు నా దగ్గర దాచిన మాటను పరాయి మనిషి నాకంటే నెల ముందు విన్నదన్నందుకు మళ్ళీ ఏడ్చాను. చెడ్డబుద్ధి అంటే అను. ఓడిపోవడానికైనా నన్నే పిలవాల్సింది.

టిక్కెట్టు రద్దు చేయలేదు. పంతొమ్మిదిన వస్తున్నాను, మేడ మీదికి ఏమీ మోయవద్దు. వంటింట్లో ఎదురెదురుగా కూర్చుందాం. దానికి చెప్పినదంతా, చెప్పిన వరుసలోనే, ఒక్క మాట తగ్గకుండా నాకు చెప్పాలి. నేనూ అడ్డు రాను.

ఎంత తాగావని అడగను. అది అడిగేసిందిగా. రోజూ ఆరు గంటలకు ముందు, ఐదింటికి, ఆ ఇంట్లో నీకు ఎలా ఉంటుందో అడుగుతాను. ఆ ప్రశ్న దానికి తట్టి ఉండదు.

చెల్లెలు