తోమిన రాగి కానులు

ఏవండీ,

సాంబారు వేడి చేసుకోండి. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నేను సీత వాళ్ళింటికి వెళ్తున్నాను, రాత్రికి రాను.

మా నాన్న రొంటిన దోపుకు తిరిగిన రాగి కానులు మురికిగా ఉన్నాయని చింతపండు పెట్టి తోమేశారుగా! పొద్దున కరోల్ బాగ్‌లో పాత నాణేలు కొనే ఆయనకు చూపించాను. "అరే బెహన్‌జీ, అది మురికి కాదు. గాలికీ చెమటకీ రాగి నల్లబడుతుంది. నలుపు వల్ల ధరేం పెరగదు, తోమితే మాత్రం ఉన్న విలువా పోతుంది" అన్నాడు. ధర పోతే పోయింది. ఆ నలుపు మా నాన్న ఒంటి చెమటండీ.

భానుశ్రీ

మరిచాను. మీ రెజిమెంట్ టీమంతా సంతకాలు చేసిచ్చిన బ్యాటు నిండా సిరా మరకలే. కిరసనాయిలుతో శుభ్రంగా తుడిచేశాను. వరండాలో ఆరుతోంది, లోపల పెట్టుకోండి.