రోజుకో బిడ్

3-7-94, ఆదివారం

క్లబ్బులో బ్రిడ్జి, పద్నాలుగు జంటలు. మాది పద్నాలుగో స్థానం.

నేను ఒక ఆఠీనుతో మొదలుపెట్టాను. ఎదురుగా నా జంట చిన్ని రెండు కళావర్లు అన్నాడు. నా దగ్గర నాలుగు కళావర్లున్నాయి. రెండు చాలదా, అత్యాశ ఎందుకు... పాస్ అనేసి సమోసా కోసం లేచాను. ఆ లెక్కన వాడు ఎనిమిది పట్లు తెస్తే చాలు. పదమూడూ తెచ్చాడు. పదమూడు తెస్తామని ముందే పాడి ఉంటే ఈ రోజుకి మేమే రాజులం. పాడనిది వస్తే ఎవడిక్కావాలి.

వాడి స్కూటరు మీద తిరిగొచ్చాం. మా గేటు దగ్గర అన్నాడు — "కొత్త రంగు చెప్తే నువ్వు పాస్ అనకూడదు బావా. ఎన్నిసార్లు చెప్పాలేటి." విసురుగా కిక్కు కొట్టాడు. స్టార్ట్ కాలేదు. ఇంకో పది కిక్కులు. అలా కోపంగా, చెరో దిక్కు చూస్తూ, ఐదు నిమిషాలు నిలబడ్డాం.

4-7

మా ఆవిడ సత్యవతి తమ్ముడి పక్షం. "అన్నం తినకుండా ఎల్లిపోనాడు. ఏటి చేసేరు వాడిని?" నేనేం చేస్తాను, పాస్ అన్నాను. బేబీ హోంవర్కులోంచి తల ఎత్తకుండా — "నాన్నా, ఆప్‌నే మామా కో ఫిర్ హరాయా?" మామని మళ్ళీ ఓడించానా అని. ఈ ఇంట్లో తెలుగు రాని పిల్లకి కూడా బ్రిడ్జి తెలుసు.

6-7

షిఫ్టు మారే దగ్గర చిన్ని చెప్పేశాడు. బెనర్జీ సాబ్ జనవరిలో రిటైరై కలకత్తా వెళ్ళిపోతున్నారట. క్లబ్బులో ఆయనతో ఆడే వర్మాజీకి కొత్త జంట కావాలి. చిన్నిని అడిగారు.

"డిసెంబరు పోటీలో మనం మొదటి ఆరు జంటల్లో ఉండాలి బావా. లేదంటే ఆయనతో ఆడతాను. నాకూ వయసైపోతోంది."

వాడికి ముప్పై నాలుగు.

నా పెళ్ళికి తొమ్మిదేళ్ళవాడు. చేతిలో పేక ముక్కలు విసనకర్రలా పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పుడు బావమరిది అన్న పేరే గానీ బల్ల దగ్గర వాడు హెడ్మాస్టరు, నేను మూడో తరగతి. అయినా సరే. వాడు వర్మాజీ దగ్గరికి వెళ్ళిపోతే నా ఆదివారాలు ఏం చేసుకోను. భయంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గుగానూ ఉంది.

7-7

అసలు చిక్కు షిఫ్టులు. రైలు పట్టాలు తయారుచేసే మా మిల్లు కంట్రోల్ క్యాబిన్‌లో వాడు దిగుతుంటే నేను ఎక్కుతాను. నాకు పొద్దుటి డ్యూటీ, వాడికి రాత్రి డ్యూటీ పడ్డ వారమే ఇద్దరికీ సాయంత్రాలు ఖాళీ. మిగతా వారాల్లో ఎవడో ఒకడు పట్టాల మధ్యే. నెలకి ఒక ఆదివారం ఆడి బాగుపడేదెలా.

చిన్నికి ఒక ఉపాయం తట్టింది. డ్యూటీ అప్పగించేటప్పుడు లాగ్‌బుక్కుతో పాటు ఒక చీటీ. నాకు పదమూడు ముక్కలు రాసిస్తాడు. నేను బిడ్ రాసి మర్నాడు ఇవ్వాలి. వాడు జవాబు రాసి ఆ మర్నాడు. రోజుకో బిడ్.

"ఇరవై నాలుగు గంటలు ఆలోచించుకో. కానీ ఉన్నదే రాయి. లాగ్‌బుక్కులో 'అంతా నార్మల్' అని రాసీసి పోతావు, ఎక్కినవాడు ఏడుస్తాడు. బిడ్డింగూ అలాగే చేస్తన్నావు."

మోటారు వేడెక్కిన సంగతి నేను రాయకపోవడం ఒకే ఒక్కసారి జరిగింది. రెండుసార్లు.

9-7

మొదటి చీటీ. ఒక ఆఠీను అని రాశాను. సంతకం కూడా పెట్టాను, అలవాటు కొద్దీ.

16-7

వారం పట్టింది. చివరికి నాలుగు ఆఠీన్ల దగ్గర ఆగాం. చిన్ని వెనక రాశాడు — "కరెక్టు." ఆ ఒక్క మాటని మూడుసార్లు చదువుకున్నాను.

22-7

చీటీ పేంటు జేబులో ఉండిపోయింది. సత్యవతి ఉతికేసింది. నాలుగు రోజుల బిడ్డింగు నీళ్ళపాలు. ఇప్పుడు జేబులు ఆవిడే వెతికి, చీటీలు దేవుడి పటం వెనక పెడుతోంది. దణ్ణం పెట్టుకుని తీసుకెళ్తున్నాను.

14-8, ఆదివారం

క్లబ్బు. తొమ్మిదో స్థానం! కానీ ఒకటే గొడవ, నేను ఆలస్యం. నా ఒక్క బిడ్డుకి బెనర్జీ సాబ్ చాయ్ తాగి, కప్పు ఇచ్చి, చెయ్యి కడుక్కుని వచ్చారు. చిన్ని పళ్ళ బిగువున — "చీటీ కాదు బావా ఇది. రేపు రెండింటికి చెప్తానంటే కుదరదు."

మిశ్రాజీ, పోటీలు నడిపే పెద్దాయన, పక్కకి పిలిచి మర్యాదగా తలంటారు. నేను అంతసేపు ఆలోచించి పాస్ అంటే, నా దగ్గర ఏదో ఉందని చిన్నికి తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టే వాడు ఆడాలి. అదీ రూలు. "భాయీసాబ్, ఆప్ సోచ్‌తే హై తో సజా ఉన్‌కో మిల్తీ హై."

ఆలోచించేది నేను, శిక్ష వాడికట. ఇకనుంచి మనసులో ఐదు లెక్కపెట్టి ఏదో ఒకటి అనేస్తాను.

30-8

ఇవాళ్టి చీటీ గొప్పది. నాకు ఆరు ఇస్పేట్లు, పదమూడు పాయింట్లు. నేను ఒక ఇస్పేటు అన్నాను. అవతలివాళ్ళు రెండు ఆఠీన్లు (వాళ్ళ తరఫున కూడా చిన్నే రాస్తాడు). చిన్ని పాస్. అవతలివాళ్ళు మూడు ఆఠీన్లు. "ఇప్పుడేటి చేస్తావు?"

పాత నేనైతే మూడు ఇస్పేట్లు అని ఎగిరి దూకేవాణ్ణి. ఆలోచించాను. చిన్ని పాస్ అన్నాడంటే వాడి దగ్గర ఏమీ లేదు. ఒంటరిగా ఎక్కడికి పోతాను. "పాస్" అని రాశాను.

31-8

వెనక వాడి రాత — "శభాష్ బావా."

ఇది ఉతుక్కి పోకుండా పర్సులో పెట్టుకున్నాను.

12-9

తురుపులు లెక్కపెట్టడం రావడం లేదు. ప్రతి రంగులోనూ పదమూడే కదా, అయినా నాకు పన్నెండో, పద్నాలుగో తేలతాయి. క్యాబిన్‌లో ఎర్రగా కాలుతూ వచ్చే పట్టాలను పదమూడు చొప్పున లెక్కపెడుతున్నాను. ఫోర్‌మన్ సాహూ ఎన్నయ్యాయని ఫోన్‌లో — "కిత్నా హువా?" "ఏక్ బాకీ హై." "కిస్ మే సే?" ఎందులోంచి ఒకటని ఏం చెప్తాను. ఫోన్ పెట్టేశాను.

25-9, ఆదివారం

ఏడో స్థానం. తురుపులన్నీ తీశాను. ఒకటి మిగిలిపోయింది, అది వర్మాజీ దగ్గర. ఆయన నవ్వుతూ వేశారు. ఆ నవ్వు నాకు నచ్చదు. మనిషి మంచివాడే.

6-11

ఆరో స్థానం. సత్యవతి సేమ్యా పాయసం చేసింది. తమ్ముడి కోసమట.

18-12, ఆదివారం

పోటీ. ఇద్దరం సెలవు పెట్టి వెళ్ళాం. వరసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం కలగదు.

పొద్దున్నుంచీ బాగా ఆడాం. చాయ్ టైముకి ఐదో స్థానం. నాకు గాలిలో తేలుతున్నట్టుంది. రబ్బరుబ్యాండు వేసిన చీటీల కట్ట వెంట తీసుకెళ్ళాను, అదృష్టం కోసం. దాన్ని విప్పి వర్మాజీకి చూపించాను. ఎందుకు చూపించాను? ఆరు నెలల కష్టమన్న గర్వం. "దేఖియే, ఛే మహీనే కీ మెహనత్." 'శభాష్ బావా' పర్సులోంచి ప్రత్యేకంగా తీసి చూపించి, హిందీలో అర్థం కూడా చెప్పి కట్ట మీద పెట్టాను. ఆయన శ్రద్ధగా చూశారు. చాలా శ్రద్ధగా.

ఆఖరి ఆట ఆయనతో, బెనర్జీ సాబ్‌తో. నాకు ఆరు ఇస్పేట్లు, పదమూడు పాయింట్లు. నేను ఒక ఇస్పేటు. వర్మాజీ రెండు ఆఠీన్లు. చిన్ని... ఆలోచించాడు. ముక్కలు సర్దాడు. మళ్ళీ సర్దాడు. చెవి గోక్కున్నాడు. పాస్ అన్నాడు. బెనర్జీ సాబ్ మూడు ఆఠీన్లు.

ఐదు కూడా లెక్కపెట్టలేదు. మూడు ఇస్పేట్లు అన్నాను.

ఆట మాత్రం అద్భుతంగా ఆడాను. రాసుకుంటాను, ఎవడాపుతాడు. తురుపులు మూడు చుట్లు తీశాను, పదమూడూ లెక్క తేలాయి. డైమన్ రాజు వర్మాజీ దగ్గరే ఉండాలి, అది లేకపోతే ఆయన నోరు విప్పరు. బల్ల మీద పరిచిన చిన్ని ముక్కల్లో ఆసు, రాణి. అటు చిన్న డైమన్ నడిపి రాణిని వేశాను. నిలబడింది. తొమ్మిది పట్లు. చిన్ని మొహం చూడాలి... నన్ను పెళ్ళికొడుకుని చూసినట్టు చూశాడు.

అప్పుడు వర్మాజీ మిశ్రాజీని పిలిచారు. నెమ్మదిగానే. పార్ట్‌నర్ చాలాసేపు ఆలోచించాడు, ఆ తర్వాత ఈ బిడ్ వచ్చింది, అంతే చెప్పారు.

మిశ్రాజీ — "మీరు ఎప్పుడూ ఇలాగే పాడతారా? ఆయన ఆలోచించకపోయినా పాడేవారా?" అలవాటైతే ఫలితం నిలుస్తుందట. పాడతానని నేను నోరు తెరిచేలోగా వర్మాజీ చీటీల కట్ట వైపు చూశారు.

అవే ముక్కలు కాదు గానీ అదే సందర్భం. నా చేతిరాత. పాస్. కింద శభాష్.

మిశ్రాజీ చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. జవాబు గురువారంలోగా రాసివ్వమన్నారు. మా ఫలితం నిలిస్తే ఐదో స్థానం. పోతే ఎనిమిదో స్థానం.

19-12

ఎంత అన్యాయం చూడు. నేను పాత దద్దమ్మనే అయివుంటే గెలిచేవాణ్ణి. బాగుపడినందుకు పట్టుబడ్డాను. చిన్ని నాతో ఉండాలంటే, నాకు ఇప్పటికీ ఆట రాదని రాసి సంతకం పెట్టాలి.

షిఫ్టు మారేటప్పుడు అడిగాను, ఏం రాయమంటావని. "నేను చెప్పకూడదు బావా. నాదే తప్పు, అంతసేపు కూర్చున్నాను." లాగ్‌బుక్కు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చీటీ లేదు.

సత్యవతి వంకాయలు తరుగుతూ — "నాకు ఆట రాదని రాసీండి. అందరికీ తెలిసిందే కదా."

20-12

రాశాను. "గత పదేళ్ళుగా నేను ఇదే విధంగా ఆలోచన లేకుండా పాడుచున్నాను. నాలో ఎట్టి మార్పు లేదు. పై చీటీ పొరపాటు." మిశ్రాజీ కోసం హిందీలో రాసినా బాగానే వచ్చింది. సంతకం పెట్టబోతే చెయ్యి రాలేదు. ఆరు నెలలు పట్టాలు లెక్కపెట్టింది ఎవడు మరి.

బేబీ చదివి, "నాన్నా, యే సచ్ హై?" అంది. నిజమో కాదో చెప్పకుండా, వెళ్ళి చదువుకో అన్నాను.

21-12

ఎవరూ అడగనిది ఇక్కడ రాస్తున్నాను.

చిన్ని చెవి గోక్కున్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు రమ్మీలో జోకరు పడితే అలాగే గోక్కునేవాడు. అది చూసి నేను ముక్కలు దాచుకునేవాణ్ణి, ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఊళ్ళో ఆ చెవి భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడి దగ్గర సరుకుందని ఆ క్షణంలోనే నాకు తెలుసు. అందుకే ఎగిరాను. అలవాటూ కాదు, ధైర్యమూ కాదు.

వాడు చెయ్యి కదపకుండా పాస్ అని ఉంటే నేనూ పాసే. అవును. పాసే అనేవాణ్ణి. నాకు ఆట వచ్చేసింది, ఖర్మ.

22-12, గురువారం

మిశ్రాజీ ఇంటికి వెళ్ళి కాగితం ఇచ్చాను. రెండే లైన్లు. నా పార్ట్‌నర్ ఆలోచించడం చూశాను. చూడకపోతే పాస్ అనేవాణ్ణి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఐసా కోయీ లిఖ్తా నహీ" అన్నారు. ఇలా ఎవరూ రాయరట. చాయ్ ఇచ్చారు. మేం ఎనిమిదో స్థానం.

వస్తూ బజారున్న పవర్ హౌస్‌లో దిగి కూరలు కొన్నాను. ఏం కొన్నానో ఇంటికొచ్చాకే తెలిసింది. మళ్ళీ వంకాయలు.

23-12

చిన్నికి డ్యూటీ దగ్గర చెప్పాను. "తెలిసింది" అన్నాడు. మిల్లు రొదలో ఇంకేదో అన్నాడు, వినపడలేదు. మళ్ళీ అడగలేదు. మోటారు వేడిగా ఉందని లాగ్‌బుక్కులో శుభ్రంగా రాసి వెళ్ళాడు.

25-12, ఆదివారం

చిన్ని మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. అక్క పిలిచిందట. నన్ను అడగకుండానే నా పళ్ళెంలోంచి అప్పడం తీసుకున్నాడు.

తిన్నాక అడిగేశాను. "వర్మాజీకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏటీ చెప్పలేదు. ఒకటో తారీకు దాకా టైమిచ్చారు." చెయ్యి తుడుచుకుంటూ — "ఆరో స్థానమన్నాం కదా బావా. మాటంటే మాటే కదా."

మాటంటే మాటే అన్నాను. వర్మాజీ మంచి ఆటగాడనీ అన్నాను. ఆయన ఆలోచించరనీ, చెయ్యి కూడా కదపరనీ అన్నాను. అంతా నార్మల్ అన్నట్టే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది. ఆపేశాను. "నాకు నువ్వు వెళ్ళడం ఇష్టం లేదురా" అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వాడు తల వంచుకుని అరచేతులు చూసుకున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చదివాను.

చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో అడిగాడు. "ఎనిమిదో తారీకు ఆదివారం నీకు ఏటి డ్యూటీ బావా?"

పొద్దుటిది, సాయంత్రం ఖాళీ అన్నాను. "ఓహో" అని వెళ్ళిపోయాడు.

నేను ఎక్కేది వాడు దిగాకే. నా డ్యూటీ నాకన్నా వాడికే ముందు తెలుస్తుంది. ఆ ఆదివారం క్లబ్బులో ఆట. మరి ఎందుకడిగినట్టు? నేను కూడా క్లబ్బుకొచ్చి వర్మాజీ ఎదురుగా వాణ్ణి చూస్తానేమోననా, లేక నాతోనే...

సాహూ ఆ రోజుకి డ్యూటీ మార్చుకోమని రెండుసార్లు అడిగి ఉన్నాడు. రేపు వెళ్ళి కుదరదని చెప్పేస్తాను.