వీధి చివర మనిషి

ప్రియమైన అమ్మకి,

ఫోన్‌లో చెప్పకుండా ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. పని సంగతులు బయట మాట్లాడనని చేరిన రోజే సంతకం పెట్టాను, ఫోన్‌లో అయితే పక్కవాళ్ళు వింటారు. పని చేసినంతసేపూ మా ఫోన్లు కూడా అరలో పెట్టించి తాళం వేస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరి రాత మీదైనా ఫిర్యాదు వస్తే అది నా తెర మీదికి వస్తుంది. ఉంచాలో తీసేయాలో నేను బొత్తాం నొక్కాలి. రోజుకి ఎనిమిది వందల రాతలు. సగం దేవుడి పేరుతో తిట్లే.

మొన్న మన ఊరి రాత ఒకటి వచ్చింది. రాసినవాళ్ళు పెట్టుకున్న పేరు 'వీధి చివర మనిషి'. తన ప్రాణం తనే తీసుకున్న టైలర్‌కి మందిరం పెద్దలు ఆఖరి ప్రార్థన చేయనివ్వలేదట. "చచ్చిపోయినవాడి మీద తలుపు మూసే హక్కు మీకెవరిచ్చారు?" అని రాశారు. కింద జనం పూనకం వచ్చినట్టు తిడుతున్నారు. ఒకడు "వీడి ఇల్లెక్కడో చెప్పండి చాలు" అన్నాడు.

అది నాన్న రాతే. సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ రోజూ అనే మాటలే కదా! ఆయన ఫోన్ లాక్కో అమ్మా. నాకు చాలా భయంగా ఉంది.

నీ పిట్ట

* * *

పిట్టా,

నీ ఉత్తరం అందింది. నాన్న బాగానే ఉన్నాడు, ఆయన నోరు ఇంకా బాగుంది. నిన్న బ్రేకులు బిగించమని వచ్చినాయనకి ప్రపంచాన్నంతా ఎలా బిగించాలో చెప్పి పంపాడు. ఆ మనిషి డబ్బులివ్వడం మరిచి పారిపోయాడు. ఆయన ఫోన్‌లో ఒక్క ముక్క కొట్టడానికి అరగంట పడుతుంది, నువ్వేమీ బెంగపెట్టుకోకు.

మా ఆస్పత్రి లాండ్రీలో కొత్త మిషన్ పెట్టారు. ఉతుకుతుంది, పిండుతుంది. దుప్పట్లు మడవడం మాత్రం మా చేతుల పనే.

ఒక మాట అడుగుతాను. ఆ రాత నువ్వు మొత్తం చదివావు కదా. అందులో తప్పేమైనా ఉందంటావా? బాగా రాశారా? నీకేమనిపించిందో రాయి.

వేళకి తిను.
అమ్మ

* * *

అమ్మా,

ఇల్లు అంటుకుంటుంటే బాగుందా లేదా అని అడుగుతావేమిటి? నాకేమీ అనిపించదు. పొద్దుటి నుంచి ఇవే చదివితే ఎవరికైనా ఏం అనిపిస్తుంది!

నిన్న రెండో రాత వచ్చింది. మొదటిదానికంటే పదునుగా ఉంది. దాని కింద ఎవడో నాన్న షాపు ఫొటో పెట్టాడు. పైన వేలాడే టైర్లు చూసి గుర్తుపట్టాను.

ఆ రాతలో మా నిబంధనలకి అడ్డొచ్చే మాట ఒక్కటీ లేదు. ఉంచాల్సిందే. పైగా తెలిసినవాళ్ళ రాత వస్తే ఇంకొకరికి అప్పగించాలి. నేను అప్పగించలేదు. రెండూ తీసేశాను. పోనీలే, ఇక గొడవ సద్దుమణుగుతుంది. నాన్నకి మాత్రం చెప్పకు.

పిట్ట

* * *

అమ్మా,

పన్నెండు రోజులైంది. నీ ఫోనూ మోగడం లేదు, నాన్నదీ మోగడం లేదు. నాకు సెలవివ్వనంటున్నారు. ఈ శనివారంలోగా కబురు రాకపోతే ఉద్యోగం మానేసి వచ్చేస్తాను. ఒక్క ముక్క రాయి, చాలు.

పిట్ట

* * *

నా పిట్టా,

ముందు ఇది చదువు. నాన్న బతికే ఉన్నాడు. కుడిచేయి రెండు చోట్ల విరిగింది. మా ఆస్పత్రిలోనే ఉన్నాడు.

రాతలు మాయమయ్యేసరికి "భయపడి తీసేశాడు, అయితే వీడే" అని తేల్చుకున్నారు. మధ్యాహ్నం నలుగురు షాపుకి వచ్చారు. నేను క్యారేజీ పట్టుకుని పదడుగుల దూరంలో ఉన్నాను. "రాసింది నువ్వేనా?" అని అడిగారు. నాన్న నా వంక చూశాడు. "నేనే" అన్నాడు. తర్వాత ఎవరో తెలియనిదానితో అన్నట్టు, "షాపు మూసేశానమ్మా, వెళ్ళిపో" అన్నాడు నాతో. నేను వెళ్ళనూ లేదు, ముందుకు రానూ లేదు. షాపులోని సైకిల్ పంపుతోనే కొట్టారు. నా ఫోనూ షాపులోనే ఉంది, రెండూ పగలగొట్టారు. ఇద్దరిని పోలీసులు పట్టుకున్నారు. ఇద్దరు ఇంకా బయట తిరుగుతున్నారు.

రాసింది నేను, పిట్టా. ఆ టైలర్ తల్లి మా లాండ్రీ గుమ్మంలో నిలబడి, కొడుకు మీద కప్పడానికి మరక లేని దుప్పటి ఒకటి ఇవ్వమని అడిగింది. ఇంటికొచ్చి రాయకుండా ఉండలేకపోయాను. నాన్నకి మొదటి నుంచీ తెలుసు.

వాళ్ళంతా నాన్న రాతే అనుకున్నారు. నువ్వూ అలాగే అనుకున్నావు. వాళ్ళు అనుకుంటే భయమేసింది. నువ్వు అనుకుంటే ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ళుగా నా పక్కన తిరిగావు, మీ అమ్మకీ ఒక అభిప్రాయం ఉంటుందని నీకు తట్టలేదు. తీసేసినందుకు మాత్రం నీ మీద కోపం లేదు. భయం ఎంత పని చేయిస్తుందో ఆ పదడుగుల దూరంలో నాకూ తెలిసింది.

ఇవాళ లాండ్రీలో నా పక్కన మడతపెట్టే ఆవిడ ఫోన్ అడిగి తెచ్చుకున్నాను. ఆ రెండు రాతలూ మళ్ళీ పెడుతున్నాను, ఈసారి నా సొంత పేరుతో, నా ఫొటోతో. నాన్న వద్దు వద్దంటూనే ఎడమచేత్తో ఫొటో తీశాడు. నాకు భయం లేదనుకోకు. ఈ ఉత్తరం రెండుసార్లు తిరగరాశాను.

ఫిర్యాదులు తప్పకుండా వస్తాయి. నీ తెర మీదికే వస్తే, ఇంకొకరికి ఇచ్చేముందు ఒక్కసారి చదువు. నేను రాసిందని తెలిసి చదువు.

అమ్మ