ఫోన్ ఎత్తనివాళ్లు

మేడమ్ గారికి నమస్కారం.

బట్టల మిల్లు ఆఫీసులో పనిచేస్తూ, వీలున్నప్పుడల్లా మీ దగ్గర స్టాటిస్టిక్స్ పీజీ చదువుతున్నదాన్ని. నిన్న పంపిన సర్వే రిపోర్టు దయచేసి దిద్దకండి.

మెషీన్ల హోరుకు కార్మికుల చెవులు దెబ్బతిన్నాయా అని అందరికీ ఫోన్ చేసి అడిగాను. ఎత్తినవాళ్లంతా "బాగానే వినిపిస్తోందమ్మా" అన్నారు. ఎత్తనివాళ్లను లెక్కలోంచి తీసేసి, ఎవరి చెవులకూ ఢోకా లేదని రాసేశాను. అది చూసి మేనేజరుగారు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇక దండగంటున్నారు.

వినపడనివాళ్లు ఫోన్ ఎలా ఎత్తుతారని నా బుర్రకు తట్టలేదు మేడమ్! గడువు పెంచితే ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను.

మా ఆయనా ఆ మిల్లులోనే మెషీన్ నడుపుతారు. ఆయనా ఫోన్ ఎత్తలేదు. బద్ధకం అనుకున్నాను. పిలిస్తే పలకరని ఇన్నాళ్లూ సాధించాను. ఇందాక వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాను.

తల తిప్పలేదు.

మీ విద్యార్థిని