భోజన వేగం గురించి అక్కకు విన్నపం

గౌరవనీయురాలైన అక్కగారికి,

తమ్ముడు సవినయంగా తెలియజేయునది. మీరు ఎదురింటి పై వాటాకు మారినప్పటి నుంచి భోజనం చేశాక నా రక్తంలో చక్కెర పెరిగిపోతోంది. ఇలాగే సాగితే ఇంజెక్షన్లు తప్పవని డాక్టరుగారు హెచ్చరించారు.

కారణం విచారించాను. బియ్యం అవే, కొలతా అదే. అన్నంలోని పిండిపదార్థం నోట్లోనే విడిపోవడం మొదలై, పేగుల్లో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. నిదానంగా తింటే నిదానంగా కలుస్తుంది. మనం కలిసి తిన్న రోజుల్లో ముద్దకొక వాదన నడిచేది కనుక భోజనం తెమిలేది కాదు. ఇప్పుడు గోడకేసి చూస్తూ కంచం ఖాళీ చేసేస్తున్నాను. గోడ ఎదురు చెప్పదు.

"రొట్టెలో చక్కెర ఉండదురా" అని మీరన్నప్పుడు, అందులోనూ పిండిపదార్థమే ఉంటుందని నేను ఉపన్యాసం ఇచ్చిన మాట వాస్తవం. "అయితే నీ ఉపన్యాసమే కలుపుకు తిను" అని మీరు పెట్టె సర్దుకున్న మాటా వాస్తవమే.

ఇక్కడి నుంచి మీ కిటికీలోకి చూస్తే మీరూ తొందరగానే తినేస్తున్నట్టు కనిపిస్తోంది. కేవలం ఆరోగ్యరీత్యా గమనించాను.

కావున ఆదివారం మధ్యాహ్నం భోజనానికి విచ్చేయవలసిందిగా ప్రార్థన. రొట్టె ప్రస్తావన తేనని హామీ ఇవ్వలేను. తేకపోతే భోజనం త్వరగా ముగిసే ప్రమాదముంది.

రెండో కంచం రోజూ కడుగుతూనే ఉన్నాను. వచ్చెయ్ అక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు