స్లో బాల్ గుట్టు

లతా,

నువ్వు లేకుండా మన సిరి ఆడుతున్న మొదటి నాకౌట్ మ్యాచ్‌లు ఇవి. యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ టీమ్‌కి ఇప్పుడు బంతులు వేసే మెయిన్ పిచ్చర్ అదే. కానీ నాకో అనుమానం పట్టుకుంది. వేగంగా వేస్తున్నట్టే చెయ్యి తిప్పి అది మెల్లగా వదిలే స్లో బాల్ వేసినప్పుడల్లా అవతలి అమ్మాయిలు ముందే తెలిసినట్టు బాదుతున్నారు.

"మన హిట్టింగ్ సూపర్ అన్నా, పిచింగే వీక్. సిరి టయర్డ్ అయిపోయింది," అన్నాడు క్వేకర్స్ హిల్‌లో ఉండే ప్రసాద్. వాళ్ళమ్మాయీ ఇదే టీమ్‌లో ఉంది.

నేను నమ్మలేదు. ఎవరో మన గుట్టు బయటపెడుతున్నారనుకున్నాను. ముందు కోచ్‌ని అనుమానించాను. తర్వాత అవతలివాళ్ళతో నవ్వుతూ మాట్లాడే ప్రసాద్‌నీ వదల్లేదు.

నిన్న సెమీస్‌లో కంచె దగ్గర నిలబడి సిరినే గమనించాను. స్లో బాల్ వేసే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం నీ కుర్చీ వైపు చూస్తోంది. అవతలివాళ్ళు కనిపెట్టింది ఆ చూపునే. పెరట్లో దానికి ఆ బంతి నేర్పింది నువ్వే కదా. ఆ ఖాళీ కుర్చీని ప్రతి మ్యాచ్‌కీ మోసుకెళ్ళి వేస్తున్నది నేనే.

ఎలాగో గెలిచారు. "ఏమైనా దొరికిందా అన్నా?" అన్నాడు ప్రసాద్.

"ఏం లేదు," అన్నాను.

శనివారం ఫైనల్. కుర్చీ ఇప్పుడే కారులో పెట్టాను. ఓడితే ఓడనీ.