కరెంటు కంచె జాతకం

బ్రేమెన్, నవంబరు 1987

ప్రియమైన టియార్క్,

నీ బాతులు క్షేమమనుకుంటాను. ఫోన్ పెట్టించుకోవు కాబట్టి రాయాల్సి వస్తోంది.

యోస్ట్ గుండెకి ఆపరేషన్ చేయాలన్నారు. డిసెంబరు మధ్యలో రోజు కూడా ఇచ్చారు. యోస్ట్ సంతకం పెట్టనంటున్నాడు, పెళ్లాం మాట వినడు.

మీరిద్దరూ నీ కొట్టంలో చేసిన ‘కరెంటు కంచె’ పాటల రికార్డే కారణం. దాని అట్ట లోపల నువ్వు జాతకం వేశావు, ఒక్కో పాట ఒక్కో గ్రహానిదని. పద్నాలుగేళ్లుగా పట్నం కుర్రాళ్లు దాన్ని చూసి మురిసిపోతున్నారు, సరే. యోస్ట్ అది తన జాతకమే అనుకుంటున్నాడు. కుజుడి పాట రేడియోలో మోగిన ఏడాదే కొట్టం కాలిపోయిందని అందరికీ చెబుతాడు. రెండో వైపు మొదటి పాట శనిది. అందులో పశువుల కరెంటు కంచె కొట్టే టిక్ టిక్ ఒకచోట ఆగిపోతుంది కదా. “రికార్డు పుట్టినప్పుడు సూర్యుడున్న చోటికే డిసెంబరులో శని వస్తున్నాడు. ఆగేది నా గుండే. జనవరిలో చేయించుకుంటాను” అంటున్నాడు. జనవరి దాకా ఆగొచ్చో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు.

నాకు గ్రహాల మీద నమ్మకం లేదని నీకు తెలుసు. నీ మాటైతే వింటాడు. ఆ రోజు మంచిదని ఒక్క ముక్క రాయి.

నీ స్నేహితురాలు,
వీబ్కె


మోర్‌హుజెన్, నవంబరు

ప్రియమైన వీబ్కె,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ దారి నీళ్లలో ఉంది, పోస్టతను సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

యోస్ట్‌కి ఇది చెప్పు. ఆ టిక్ టిక్ ఆగింది ఫ్యూజు పోయి. పక్కవాళ్లు పాలు పితికే యంత్రం వేశారు, కంచెకి కరెంటు పోయింది. ఆ ముక్క కోసేద్దామని యోస్ట్ అన్నాడు. శని వచ్చాడు, ఉంచమని నేనే అన్నాను. అప్పుడు నాకు అది గొప్పగా తోచింది.

అంతకు మించి రాయలేను. ఆ డిసెంబరులో టేపు తిరగడం మొదలైన క్షణం చూసి జాతకం వేశాను. శని రావడం నిజం. ఆ రోజు నేనైనా కత్తి కిందికి వెళ్లను. లేనిది ఉన్నట్టు రాస్తే యోస్ట్ ముఖం ఎలా చూడను?

టియార్క్


బ్రేమెన్, డిసెంబరు

టియార్క్,

ఫ్యూజు సంగతి చెప్పాను. “ఫ్యూజు పోగొట్టింది ఎవరనుకున్నావే? శనే!” అన్నాడు. పైగా నవ్వాడు.

నిన్న బంగాళాదుంపల సంచి పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. పెదవులు నీలం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, జనవరి మాట మరిచిపొమ్మన్నాడు. ఆ సంగతి యోస్ట్‌కి చెప్పలేదు. చెబితే, చూశావా శని అంటాడు.

నీ నిజాయితీ దాచుకుని ఏం చేస్తావు? బాతులకు వేస్తావా?

వీబ్కె


మోర్‌హుజెన్, డిసెంబరు

ప్రియమైన వీబ్కె,

ఇది యోస్ట్‌కి చదివి వినిపించు.

ఒరేయ్ యోస్ట్, మనం తప్పు చేశాం. కడుపులో పడ్డ రోజు చూసి ఎవరూ జాతకం వేయరు. టేపు తిరగడం మొదలవడం కూడా అలాంటిదే. పుట్టడమంటే బయటివాళ్ల చెవిన పడడం. మన పాట మొదట విన్నది పాలవాను డ్రైవరు. గుమ్మంలో నిలబడి ఆసాంతం విని, “మీ కంచె పాడైనట్టుంది, ఎవరికైనా చూపించండి” అన్నాడు, గుర్తుందా? అది ఫిబ్రవరి. సూర్యుడు కుంభంలో, గురువు పక్కనే. కొత్తగా లెక్కగట్టి రికార్డు మళ్లీ విన్నాను. చేతిపంపు చప్పుడున్న మొదటి పాట చంద్రుడిదే, మార్చనక్కర్లేదు. రెండో వైపు మొదటిది మాత్రం శనిది కాదు, గురువుది. టిక్ టిక్ ఆగడం కాదురా అక్కడ వినాల్సింది, మళ్లీ మొదలవడం. నీ డిసెంబరు రోజుకి శని దూరంగా ఉన్నాడు. సంతకం పెట్టు.

నీ టియార్క్


బ్రేమెన్, డిసెంబరు

ప్రియమైన టియార్క్,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కలకండ వేసిన టీ తెచ్చుకున్నాను, చల్లారిపోయింది.

నీ ఉత్తరం చదివితే, మళ్లీ చదవమన్నాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “గాడిద! అబద్ధం ఆడటం కూడా రాదు. ఫిబ్రవరిలో మోర్‌హుజెన్‌కి పాలవాను ఎక్కడొచ్చిందే? దారంతా నీళ్లేగా. వాడొచ్చింది ఎండాకాలం” అన్నాడు. అంతా చెడగొట్టామనుకున్నాను.

కాసేపటికి నా వైపు చూశాడు. “నేనెంత బతిమాలినా ఒక్క తప్పు స్వరం కూడా పోనివ్వనివాడు, నా కోసం సూర్యుణ్ణే రెండు నెలలు జరిపాడు. డాక్టరు నీతో ఏం చెప్పాడు వీబ్కె?”

చెప్పాను. పెన్ను ఇమ్మన్నాడు.

ఇందాకే లోపలికి తీసుకెళ్లారు. ఇంకా ఎవరూ బయటికి రాలేదు. తలుపు మీద దీపం వెలుగుతూనే ఉంది. నీ రెండో జాతకాన్ని యోస్ట్ నమ్మలేదు. నేను నమ్ముతూ కూర్చున్నాను.

వీబ్కె